తన్నోడి నన్ను 'ఒడ్డెనా', 'ఓడెనా'?

గోదారిగట్టు:
మా నాయనమ్మ ద్రౌపది ప్రశ్నని "తన్నోడి నన్నొడ్డెనా" అనేది. అందరి నోటా వినేది "తన్నోడి నన్నోడెనా" కదా. ఈమధ్య బ్యాక్‌గామన్ అనే పాచికలాట ఆడుతున్నా, అందులో డబ్లింగ్ క్యూబ్ అని 2, 4, 8 అలా 64 దాకా అంకెలున్న పాచిక ఒకటుంటుంది, అది అవతలివాడి ముందు పెడితే పందెం రెట్టింపు, వాడు ఒప్పుకుని ఆడాలి, లేదంటే ఉన్న పందెం ఇచ్చుకుని లేచిపోవాలి. ఇలా పెట్టడాన్ని తెలుగులో 'ఒడ్డడం' అనొచ్చా అనుకుంటుంటే ఆ మాట గుర్తొచ్చింది, రెండ్రోజులైంది వదలట్లేదు. ఏది సరి?

పాతపుస్తకం:
ఓడెనే. వ్యాసుడి మూలంలో ఆ ప్రశ్నలో ఉన్నది 'పరాజైషీః', ఓడటమే. పణం మాట అక్కడ లేదు.

తగణం:
మూలం సంగతి సరే, గణాలతో తేల్చేద్దామంటే కుదరట్లేదు. 'నన్నోడి' గురువు గురువు లఘువు. 'నన్నొడ్డి'లో న్నొ హ్రస్వమే అయినా తర్వాత ద్విత్వం ఉంది కాబట్టి అదీ గురువే. రెండూ తగణమే! ఒక వత్తు అటూఇటూ అయినా ఛందస్సు పట్టుకోలేదు.

సభాపర్వం:
పాతపుస్తకం గారూ, ప్రశ్న దగ్గరే ఆగిపోయారు. తర్వాత వికర్ణుడు లేచి చెప్పేదేంటి? ముందే తాను ఓడిపోయినవాడు ఈమెని పణంగా పెట్టాడు, చెల్లదు అని. అంటే 'తన్నోడి నన్నొడ్డెనా' అన్నదే అసలు వాదన, నాయనమ్మగారి మాటలో ధర్మశాస్త్రం ఉంది. ఓడటం ఫలితం, ఒడ్డటం హక్కు. ప్రాణాలొడ్డి పోరాడాడు అంటాం, ప్రాణం పోయిందని కాదు కదా.

పాతపుస్తకం:
వాదన బావుంది కానీ పాఠం వేరు, వాదన వేరు అండీ. ద్రౌపది అడిగింది వరస గురించి, ఏది ముందు అని.

ఏడోపాచిక:
క్యూబ్ అంటే నాకు నలుడే గుర్తొస్తాడు. జూదంలో అన్నీ పోయాక తమ్ముడు పుష్కరుడు దమయంతిని ఒడ్డమంటే నలుడు ఒడ్డలేదు, కట్టుబట్టతో వెళ్లిపోయాడు. ఇది అచ్చంగా 'పాస్' (క్యూబ్ ఒప్పుకోకుండా లేచిపోవడం) అన్నా. లెక్క కూడా అదే: నాలుగాటలు వదిలేస్తే 4 పోతాయి, నాలుగూ ఒప్పుకుని ఒకటే గెలిచినా 6 పోయి 2 వస్తాయి, అదే 4. అందుకే గెలుపు అవకాశం 25 శాతం దాటితేనే ఒప్పుకోవాలంటారు (తర్వాత క్యూబ్ మన చేతిలో ఉంటుంది కాబట్టి కాస్త తక్కువైనా పర్లేదు). ధర్మరాజు ఎక్కడా లేవలేదు. శ్రీనాథుడి నైషధంలో నలుడి జూదం ఘట్టం చదవండి.

సభాపర్వం:
నైషధంలో జూదం ఎక్కడుంది నాయనా! కలి దిగుతాడు గానీ ఆట దాకా కథ పోదు. అది అరణ్యపర్వంలో, నన్నయ నలోపాఖ్యానం. పైగా నలుడు తిరిగొచ్చాక రెండో ఆటలో దమయంతినీ ఒడ్డాడు. మధ్యలో ఋతుపర్ణుడి దగ్గర అక్షహృదయం, అంటే పాచికల రహస్యవిద్య, నేర్చుకున్నాడు మరి.

తగణం:
ఋతుపర్ణుడు తాండ్రచెట్టు ఆకులూ కాయలూ చూపుతోనే లెక్కపెట్టింది కూడా ఆటే. పూర్వం ఆ కాయలే పాచికలు, త్రిఫలలో వేసే తానికాయ. నన్నయ ఆ ఘట్టం నడిపిన తీరు ఎన్నిసార్లు చదివినా నాకు తనివి తీరదు, కథ పరిగెడుతుంటే కూడా ఒక్క మాట వదులుగా ఉండదు.

గోదారిగట్టు:
అయితే 'ఒడ్డు' వాడేస్తున్నా. ఒప్పుకోవడానికి ఏమందాం? 'పట్టాను' అంటే?

పాతపుస్తకం:
'పట్టు' అంటే పంతం పట్టడం అనుకుంటారు. కద్రువా వినతా వేసుకున్న పన్నిదం (పందెమే) మాట ఉందిగా, దాన్నుంచి ఏమైనా చేద్దాం. ఆ 'న్ని' ఎలా జారి 'పందెం'లో పడిందో ముందు చెప్పండి ఎవరైనా.