ఎడ్వర్డ్ సయీద్ సంగీతం పుస్తకాలు చదవాలంటే పాశ్చాత్య సంగీతం తెలిసుండాలా?

అరకొర_చదువరి:
నమస్తే అండీ. డిగ్రీ రోజుల్లో పాలస్తీనా మూలాలున్న విమర్శకుడు ఎడ్వర్డ్ సయీద్ ఓరియంటలిజం (ఐరోపా పండితులు తూర్పుదేశాల్ని ఎలా చూశారో చెప్పే పుస్తకం) మొదలుపెట్టి మధ్యలోనే వదిలేసిన బాపతు నేను. ఫ్రెంచి పండితుల పేర్లు వరసబెట్టి వస్తుంటే తల తిరిగిపోయింది. మొన్న ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అదే రచయితది మ్యూజికల్ ఎలాబరేషన్స్ అని సన్న పుస్తకం కనపడింది, పాలస్తీనా గురించి రాసే మనిషికి పియానోతో ఏం పని అనుకుని తెచ్చుకున్నా. మూడు వ్యాసాల్లో మొదటిది చదివా. కచేరీ అంటే వందలమంది నోరు మూసుకుని కూర్చుని, తాము ఎప్పటికీ వాయించలేనిది వినే ఒక విపరీతమైన సందర్భం అనే మాట బాగా పట్టేసింది, మిగతాది సగం పైనుంచి పోయింది. నాకు తెలిసిన సంగీతం సినిమా పాటలు, అమ్మ పాడే త్యాగరాజ కీర్తనలు, అంతే. ఇంతకీ ఈయనకి సంగీతం కాలక్షేపమా, లేక రాజకీయాలతో నిజంగా లింకు ఉందా? ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

పాత_అట్ట:
మీరు తప్పు గుమ్మంలోంచి లోపలికెళ్లారండీ. ముందు కల్చర్ అండ్ ఇంపీరియలిజం (1993) తీసి, అందులో ఇటలీ స్వరకర్త వెర్డీ ఆపెరా (పాటలతోనే సాగే నాటకం) ఆయిదా మీద రాసిన భాగం ఒక్కటే చదవండి. స్వరాల పరిజ్ఞానం పెద్దగా అక్కర్లేదు, ఎందుకంటే అది దాదాపు డిటెక్టివ్ కథ. ఈజిప్టు పాలకుడు ఖెదీవ్ ఇస్మాయిల్ 1869లో, సూయజ్ కాలువ తెరిచిన ఏడాదే, కైరోలో ఆపెరా హౌస్ కట్టించాడు. దానికో ఈజిప్టు కథ కావాలన్నాడు. ఆ కథ ఎవరిచ్చారు? మారియెట్ అనే ఫ్రెంచి పురావస్తు శాస్త్రవేత్త. సంగీతం ఇటలీ ఆయనది. సెట్టింగులు, దుస్తులు పారిస్‌లో తయారయ్యాయి, ఈలోగా ప్రష్యా అనే జర్మన్ రాజ్యం సైన్యం పారిస్‌ని ముట్టడించడంతో అక్కడే ఇరుక్కుపోయాయి, చివరికి 1871 డిసెంబర్ 24న ప్రదర్శన జరిగింది. వెర్డీ అయితే కైరోకి వెళ్లనే లేదు. అంటే కైరోలో ఈజిప్టు గురించి ఆడిన ఆటలో ఈజిప్టు వాళ్ల చెయ్యి ఉన్నది డబ్బు కట్టడంలోనే. ఆ డబ్బూ అప్పుల మీద నడిచిన ఖజానాదే, 1882 కల్లా బ్రిటిష్ సైన్యం ఈజిప్టుని ఆక్రమించింది. సయీద్ ఇదంతా చెప్పి వెర్డీని తిట్టి ఊరుకోడు, ఆ పాటలంటే ఆయనకి ఇష్టం కూడా. నాకు నచ్చింది అదే. ఆ ఆపెరా హౌస్ 1971లో తగలబడిపోయింది, ఆ చోట తర్వాత బహుళ అంతస్తుల కార్ల పార్కింగ్ కట్టారు.

రెండో_కాలం:
పైవారు కథ చెప్పారు గానీ అసలు తాళంచెవి చెప్పలేదు. అది కౌంటర్‌పాయింట్. మనకి అలవాటైన కచేరీలో పాట ఒకటే, వయొలిన్ దాని వెంటే నడుస్తుంది. కౌంటర్‌పాయింట్‌లో రెండు మూడు బాణీలు ఒకేసారి, దేని దారిన అది నడుస్తాయి, ఏదీ ఇంకోదానికి తోడువాయిద్యం కాదు. త్యాగరాజ కీర్తనలు, సినిమా పాటలు అన్నారు కాబట్టి మీకు దగ్గరదారి ఇళయరాజా 1986 ఆల్బమ్ హౌ టు నేమ్ ఇట్, ఆయన త్యాగరాజుకీ, జర్మన్ స్వరకర్త బాక్‌కీ కలిపి అంకితమిచ్చింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్క వయొలిన్ బాణీనే పట్టుకుని చివరిదాకా వెళ్లండి, మళ్లీ మొదటినుంచి ఇంకోదాన్ని పట్టుకోండి.

ఇప్పుడు ఇదే చెవితో నవల చదవమంటాడు సయీద్. జేన్ ఆస్టిన్ మాన్స్‌ఫీల్డ్ పార్క్‌లో ఇంగ్లండ్ బంగళా, పెళ్లి సంబంధాలు పైకి వినిపించే బాణీ. ఆ ఇంటి యజమానికి ఆంటీగ్వాలో తోటలున్నాయి, అక్కడ బానిసలు చెరకు నరుకుతున్నారు, అది రెండో బాణీ. పుస్తకంలో నాలుగు ముక్కలే వినిపిస్తుంది గానీ లేకపోతే ఇల్లే నడవదు. ఇది ఆయన పైపైన అరువు తెచ్చుకున్న పోలిక కాదు, కైరోలో ఇగ్నాస్ టీగర్‌మన్ అనే పియానిస్టు దగ్గర శిక్షణ పొందిన పియానో చెయ్యి అది. 1986 నుంచి ద నేషన్ అనే అమెరికా పత్రికకి సంగీత సమీక్షలు కూడా రాశాడు. కాలక్షేపం అంటే నేను ఒప్పుకోను.

ఉత్తరపు_గాలి:
అందరూ భజన చేస్తున్నారు కాబట్టి ఒక అపస్వరం. ఐరోపా పండితులు తూర్పుదేశాలని సరిగ్గా చూడలేదని పుస్తకం రాసిన మనిషికి సంగీతమంటే దాదాపుగా ఐరోపా సంగీతమే. స్వరకర్తలు బీతోవెన్, వాగ్నర్, పియానిస్టు గ్లెన్ గౌల్డ్. కైరోలోనే పెరిగాడు, చిన్నప్పుడే ఈజిప్టు గాయని ఉమ్ కుల్సుమ్ కచేరీ విన్నాడు, అరబ్బు ప్రపంచం మొత్తం రేడియో ముందు కూర్చునే గొంతు అది, ఈయనకి మాత్రం అంతులేకుండా సాగినట్టనిపించిందట. ఆ సన్న పుస్తకంలోనే ఒప్పుకున్నాడు లెండి, పెద్దయ్యాక దాన్ని తిరిగి తలుచుకుని, ఒకే పదాన్ని రకరకాలుగా తిప్పి పాడటంలో విలువ చూశాడు. మన నెరవుల్లాంటిదే అనుకోండి. కానీ ఆ దారిలో ఒక పుస్తకమే రాసి ఉండొచ్చుగా?

ఇంకోటి. 1999లో పియానిస్టు, ఆర్కెస్ట్రా నిర్వాహకుడు డానియెల్ బారెన్‌బాయిమ్‌తో కలిసి జర్మనీలోని వైమార్‌లో ఇజ్రాయెల్, అరబ్ కుర్రాళ్లతో ఆర్కెస్ట్రా పెట్టాడు, వెస్ట్ ఈస్టర్న్ దివాన్ అని. ఆ పేరు జర్మన్ కవి గోథే కవితా సంపుటిది. అదే గోథే సంపుటిని ఓరియంటలిజంలో ఆయనే బోనెక్కించాడు! మనసు మార్చుకున్నాడో, వైరుధ్యాన్ని కావాలనే పెట్టుకున్నాడో గానీ నాకైతే ఇది సరదాగా ఉంటుంది. ఆక్రమణ అలాగే ఉండగా పక్కపక్కన కూర్చుని వాయిస్తే ఏం ఒరిగిందని పాలస్తీనా వైపు నుంచే తర్వాత విమర్శ వచ్చింది, అదీ కొట్టిపారేయాల్సింది కాదు.

రెండో_కాలం:
ఉమ్ కుల్సుమ్ సంగతి ఒప్పుకుంటా. గోథే సంగతి మాత్రం వైరుధ్యం కాదనిపిస్తుంది, అది కూడా రెండు బాణీలే. వీలుంటే ఆన్ లేట్ స్టైల్ చదివి రండి, 1991లో లుకీమియా (రక్త క్యాన్సర్) అని తెలిశాక చివరి ఏళ్లలో దానిమీద పనిచేశాడు, 2003లో పోయాక 2006లో వచ్చింది. చివరి రోజుల్లో కళాకారుడు ప్రశాంతంగా సర్దుకుపోవాలని ఎవరన్నారు అని అడుగుతాడు అందులో.

అరకొర_చదువరి:
చాలా థ్యాంక్సండీ. నిన్న రాత్రి ఇళయరాజాది పెట్టుకుని రెండో వయొలిన్‌ని పట్టుకుందామని మూడుసార్లు ప్రయత్నించా, ప్రతిసారీ మొదటిదాని వెంటే వెళ్లిపోతున్నా. అదొచ్చాక ఆయిదా. ఓరియంటలిజం ఇంకా అటక మీదే ఉంది, గోథే పేజీలు ఎక్కడున్నాయో చెప్తే అవి మాత్రం చూస్తా.