చంద్రతాల్ సరస్సు: పెద్దవారితో వెళ్లవచ్చా?

ప్రశ్న (కూకట్‌పల్లి): సెప్టెంబరులో హిమాచల్ ప్రదేశ్‌లోని చంద్రతాల్‌కు మనాలి మీదుగా వెళ్లాలనుకుంటున్నాము. మా నాన్నగారికి అరవై దాటాయి. ఒడ్డునే గుడారంలో ఉండనిస్తారా? బోటు షికారు ఉంటుందా?

జవాబు (సికింద్రాబాద్): రెండూ లేవండి. అది 2005లో రామ్‌సర్ జాబితాకు, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల జాబితాకు, ఎక్కిన సరస్సు కనుక గుడారాలు కొన్ని కిలోమీటర్ల ఇవతలే ఉంటాయి. బండి దిగి నడవాలి. అయినా ట్యాంక్‌బండ్ తరహా కాలక్షేపం కోసం అంత దూరం ఎందుకు? గాలి లేని ఉదయం నీలి నీటిలో కొండలు తలకిందులుగా కనిపిస్తాయి, ఒడ్డు వెంట చుట్టూ నడవవచ్చు.

జవాబు (మెహదీపట్నం): ముందు నాన్నగారి సంగతి చూడండి. సరస్సు దాదాపు 4,250 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి వాయుపీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో ఇంచుమించు 60 శాతమే కాబట్టి, సుమారు 2,000 మీటర్ల ఎత్తున్న మనాలి నుంచి ఒక్కరోజులో ఎక్కితే తలనొప్పి, వాంతులు పట్టుకోవచ్చు. సిమ్లా, కిన్నౌర్ మీదుగా మెల్లగా ఎక్కి, స్పితి లోయలోని కాజా పట్టణంలో ఒకటి రెండు రాత్రులు ఆగి, కుంజుమ్ కనుమ దాటి రావడం మేలు. బయలుదేరే ముందు వైద్యుణ్ణి తప్పక సంప్రదించండి.

ప్రశ్న వేసినవారు: ధన్యవాదాలండి. కాజా మీదుగానే వెళ్తాము, సెలవు మరికొన్ని రోజులు పెంచుకోవాలి.