చలికాలంలో తోటకూర జానెడుండగానే కంకి వేస్తోంది, ఏ రకం విత్తాలి?

బుక్కరాయసముద్రం రైతు:
అన్నలకు, అక్కలకు నమస్కారం. బోరు కింద ఇరవై సెంట్లలో తోటకూర వేసి అనంతపురం మార్కెట్‌కు కట్టలు పంపుతున్నా. ఎండాకాలంలో బాగా వస్తుంది. కార్తీకం దాటితే మాత్రం మొక్క జానెడు కాకముందే కంకి తీస్తుంది, కోసిన మోడు చిగురించదు. విత్తనం పక్క రైతు దగ్గర తీసుకున్నదే. పచ్చవి, ఎర్రకాడవి కలిసి మొలుస్తాయి. యూరియా పెంచాలా?

చెన్నూరు అక్క, కడప:
తమ్ముడూ, యూరియా జోలికి పోవద్దు. మన మడుల్లో ఎక్కువగా ఉండేది అమరాంథస్ ట్రైకలర్ అనే తోటకూర జాతి. పగటి పొద్దు తగ్గితే అది పూతకు తిరుగుతుంది. నీటి తడి ఆలస్యమైతే ఇంకా తొందరపడుతుంది. అందుకే కార్తీకం నుంచి నేను కోతల మీద ఆశ పెట్టుకోను. విత్తనంలో సన్న ఇసుక కలిపి చిక్కగా చల్లి, 25 రోజులకల్లా వేళ్లతో సహా పెరికి కట్టలు కడతా. లేత కాడ కాబట్టి పుల్లగూరకు అడిగి మరీ కొంటారు.

కోతలు కావాలంటే ఎండాకాలంలో అర్క సుగుణ వెయ్యి, బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ రకం. 25-30 రోజులకు మొదటి కోత, మూడు నెలల్లో అయిదారు కోతలు. నేల మట్టానికి కోయొద్దు. కొడవలి కింద రెండు మూడు కణుపులు మిగలాలి, పక్క చిగుర్లు అక్కడి నుంచే వస్తాయి. కోసేముందు ఆకు తిప్పి చూడు. అడుగున తెల్లటి పొక్కులుంటే అది తెల్ల తుప్పు తెగులు. ఆ ఆకులు ఏరి మడి బయట పడెయ్యి. కలగలుపు విత్తనం మాత్రం మానెయ్యి, ఒకటి పూతకొస్తే ఒకటి లేతగా ఉంటుంది.

కర్నూలు నుంచి:
అక్కా, కలిపి వేయడమే తప్పంటే ఒప్పుకోను. కేరళలో వానలకు ఎర్ర తోటకూరకు ఆకుమాడు తెగులొస్తుందని, తట్టుకునే పచ్చరకం కో-1ను దాంతో కలిపి వేయమని అక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయమే చెబుతుంది. కో-1 ట్రైకలర్ కాదు, డ్యూబియస్ అనే వేరే జాతి.

చెన్నూరు అక్క, కడప:
అది మంచి పద్ధతే అన్నా, కాదనను. వాళ్లు దేంట్లో ఏది కలుపుతున్నారో తెలిసి కలుపుతారు. తమ్ముడి సంచిలో ఏముందో అతనికే తెలియదు కదా!

బుక్కరాయసముద్రం రైతు:
సరే అక్కా, ఈసారి చిక్కగా చల్లి పెరికేస్తా. సొంత విత్తనం కట్టుకోవచ్చా?

చెన్నూరు అక్క, కడప:
కట్టుకో. పుప్పొడి గాలికి పోతుంది కాబట్టి విత్తనం మడి దూరంగా ఉండాలి. గట్టు మీది ముళ్ల తోటకూర పూతకు రాకముందే పీకెయ్యి. ఆలస్యంగా కంకి తీసిన మొక్కల విత్తనమే దాచు.