అప్‌డేట్: 1873 వించెస్టర్ రైఫిల్‌లో 44-40 తూటాల సమస్య

ఇంట్లో నింపుకుంటున్న 44-40 (ఈ రైఫిల్ వాడే తూటా రకం) తూటాల కేసుల, అంటే బుల్లెట్‌నూ మందునూ పట్టి ఉంచే ఇత్తడి గొట్టాల, మెడలు నలుగుతున్నాయనీ, గురి చెదురుతోందనీ ఇదివరకు అడిగాను. మెత్తని సీసపు ముక్కను బ్యారెల్‌లోంచి నెట్టి కొలిస్తే లోపల బుల్లెట్‌ను తిప్పే మెలి గాడుల వద్ద వ్యాసం 0.429 అంగుళాలని తేలింది. నేను వాడుతున్న బుల్లెట్లేమో 0.427. సరైన కొలతకు మారాక చెదురు బాగా తగ్గింది. మెడలు నలగడానికి నా తొందరే కారణం: ఈ కేసుల ఇత్తడి మెడ దగ్గర మరీ పలచన కనుక, బుల్లెట్‌ను కూర్చోబెట్టడం, కేసు అంచును దాని చుట్టూ బిగించడం రెండు విడి దశల్లో చేయవలసింది. గొట్టపు మ్యాగజైన్‌లో ఒక తూటా ముక్కు ముందున్నదాని ప్రైమర్‌ను (దెబ్బ తగిలితే మందును అంటించే చిన్న మూతను) ఆనుకుంటుంది గనుక చదును ముక్కు బుల్లెట్లనే కొనసాగించాను. మరింత దృఢమైన 1892 మోడల్ రైఫిల్‌కు తగిన బలమైన మందు మోతాదులను మాత్రం, సూచించినవారు మన్నించాలి, నల్ల తుపాకిమందు కాలపు ఈ బలహీనమైన యంత్రాంగంలో వాడలేదు.