మ్యూజియంలో గుసగుసలకు, చేతిపనుల చప్పుళ్ళకు చోటివ్వాలా? చంద్రగిరిలో "వినే గది" పెడితే మీరేమంటారు?

కొర్లగుంట (చర్చ మొదలుపెట్టినవారు)

ఏఎస్ఎమ్ఆర్ అనగానే చాలామందికి యూట్యూబ్‌లో మైకు ముందు గుసగుసలాడే వీడియోలే గుర్తొస్తాయి. మెత్తటి గొంతు, దువ్వెన పళ్ళ మీద గోరు జారిన చప్పుడు, కాగితం మడత పెట్టిన చప్పుడు. ఇలాంటివి వింటే కొందరికి నడినెత్తిన మొదలై మెడ వెనక నుంచి వెన్నులోకి జివ్వుమని దిగుతుంది, ఒళ్ళు తేలికపడుతుంది. 2010లో జెన్నిఫర్ అలెన్ అనే ఆవిడ దీనికి "అటానమస్ సెన్సరీ మెరిడియన్ రెస్పాన్స్" అని పేరు పెట్టాక జనం పైకి మాట్లాడుకోవడం మొదలైంది.

దీని మీద స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో ఆర్క్‌డెస్ అనే మ్యూజియం 2020లో ఏకంగా ప్రదర్శనే పెట్టింది. 2022లో అది లండన్ డిజైన్ మ్యూజియంకి వెళ్ళింది. దాన్ని రూపొందించిన క్యూరేటర్ జేమ్స్ టేలర్-ఫోస్టర్. గది నిండా మెలికలు తిరుగుతూ కిలోమీటరుకు పైగా పొడవున్న ఒకే ఒక్క దిండు. వచ్చినవాళ్ళు దాని మీద ఒరిగి తెరల మీది వీడియోలు చూడొచ్చు, వినొచ్చు. టీవీలో నింపాదిగా మాట్లాడుతూ బొమ్మలు గీసిన అమెరికా చిత్రకారుడు బాబ్ రాస్‌కి కూడా అందులో చోటిచ్చారు. ఆయన 1995లో పోయారు. ఈ పేరు పుట్టకముందే ఆయన కుంచె చప్పుడు వింటూ నిద్రపోయినవాళ్ళు ఎంతోమంది.

ఇప్పుడు నా ప్రశ్న. చంద్రగిరి కోట రాజమహల్‌లో పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. శిల్పాలు, కంచు విగ్రహాలు చూస్తాం, బయటికొస్తాం. ఆ కోట పరిసరాల్లోనే ఒక వినే గది పెట్టి మన జిల్లాల చేతిపనుల చప్పుళ్ళు వినిపిస్తే ఎలా ఉంటుంది? మాధవమాలలో కొయ్య మీద ఉలి, పలమనేరు దగ్గర కుమ్మరి చక్రం, శ్రీకాళహస్తిలో కలంకారీ. పెట్టాలనే నేనంటాను. వస్తువును అద్దాల పెట్టెలో దాచగలుగుతున్నాం, దాన్ని చేసిన చేతి ఒడుపును మాత్రం దాచలేకపోతున్నాం. ఆ ఒడుపు సగం చప్పుడులోనే ఉంటుంది.

చిత్తూరు మాస్టారు

నేను వద్దంటాను. సరదాకి కాదు, గట్టిగానే అంటున్నాను.

పిల్లల్ని చంద్రగిరికి తీసుకెళ్ళినప్పుడల్లా నా గోల ఒకటే. రాజమహల్ కట్టడంలో కలప వాడలేదనీ, రాయి, ఇటుక, సున్నంతోనే అంత ఎత్తు లేపారనీ అక్కడికక్కడే చెప్తే తప్ప వాళ్ళ కళ్ళు సెల్ఫీ మీదనుంచి గోడ మీదికి రావు. మ్యూజియం ఇంకా నేర్పాల్సింది నేర్పనే లేదు. అప్పుడే దిండేసి పడుకోబెట్టి జోకొడితే ఎలా?

రెండోది, ఈ హాయి ఇప్పటికే సరుకైపోయింది. 2017లో ఐకియా వాళ్ళు దుప్పట్లు నిమిరే చప్పుడు, హ్యాంగర్లు తగిలించే చప్పుడుతో 25 నిమిషాల ప్రకటన తీశారు. చెవికి ఇంపుగా ఉంటే చాలు, ఏదైనా అమ్ముడుపోతుంది. రేపు మన కలంకారీని కూడా అలాగే చేస్తారు. చప్పుడు వింటారు, "అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందో" అంటారు, ఆ చీరకి ఎన్ని ఉతుకులు పడ్డాయో ఒక్కరూ అడగరు.

పలమనేరు పట్టుగూడు

మాస్టారూ, మీరు చెప్పింది సగం నిజం. మిగతా సగం నేను చెప్తా.

మాది పలమనేరు పక్క పల్లె. ఇంట్లో పట్టుపురుగులు మేపతాం. కొర్లగుంట తమ్ముడు పట్టు సంగతి మర్చిపోయినాడు గానీ, చప్పుడంటే అసలు చప్పుడు మా షెడ్డులో ఉండాది. పురుగు మేత మానేసి పాత తోలు విడిచే దాన్ని మేం జ్వరం అంటాం. నాలుగో జ్వరం లేచినాక పురుగులు ఆకు మీద పడతాయి చూడండి, వేల నోళ్ళు ఒక్కసారిగా కొరకతా ఉంటే ఆకుల మీద జల్లు పడినట్లే ఉంటాది. పట్నం నుంచి వచ్చినోళ్ళు బయటికి పోయి మోడం చూసినారు కూడా. అది వానచుక్క కాదు, పురుగు పళ్ళు.

అయితే ఆ చప్పుడు మాకు హాయి కాదు, లెక్క. పురుగు మొత్తం బతుకులో తినే ఆకులో వందకి ఎనభై పాళ్ళు పైనే ఆ ఆఖరి వారంలో తింటాది. అంటే ఆ వారమంతా మేం తోటలో కొమ్మలు కోస్తానే ఉండాల. రేత్రి లేచి షెడ్డు తలుపు తీసినామంటే ముందు చూసేది లేదు, వినేదే. చప్పుడు నిండుగా ఉంటే ఆకు చాల్తా ఉన్నట్టు. పల్చబడిందంటే ఆకు అయిపోయినట్టు, లేకుంటే ఏదో తెగులు తగిలినట్టు. జ్వరం పట్టినప్పుడు ఒక్క పురుగూ తినదు. అప్పుడు షెడ్డు గమ్మునుంటాది, మేం ఆకు వేయం. ఆ గమ్మునుండేది కూడా మాకు సమాచారమే.

గూడు కట్టినాక ఇంకోటి. చంద్రికల్లోంచి, అంటే పురుగులు గూడు కట్టే తట్టల్లోంచి, గూళ్ళు పీకేటప్పుడు ఒకదాన్ని చెవి దగ్గర పెట్టి ఆడిస్తాం. లోపల ప్యూపా కటకటమని కదిలితే మంచి గూడు. అతుక్కునిపోయి పలకలేదంటే లోపల చచ్చి కుళ్ళింది, పట్టు మీద మరక పడతాది. దానికి మార్కెట్లో రేటు రాదు.

మా చప్పుడు మ్యూజియంలో పెట్టండి. సంతోషమే. కానీ "నిద్ర పట్టించే పట్టుపురుగుల సవ్వడి" అని మాత్రం రాయొద్దండి. ఆ చప్పుడు వినబడతా ఉందంటే మా ఇంట్లో నిద్ర ఎవరికీ ఉండదు.

కొర్లగుంట

అక్కా, ఇదే నేను అడగాలనుకున్న సంగతి. లండన్‌లో వినిపించినవి ఎక్కువగా వినేవాళ్ళ కోసం కావాలని పుట్టించిన చప్పుళ్ళు. మన దగ్గరున్నవి పనిలోంచి వాటంతటవే వచ్చేవి. ఈ తేడాని గది గోడ మీదే రాయాలి.

మాస్టారికి ఒక్క మాట. ఇది ఉత్త ఫోను పిచ్చి అని కొట్టేయడానికి లేదు. 2015లో స్వాన్సీ విశ్వవిద్యాలయంలో బారట్, డేవిస్ అనే పరిశోధకులు ఈ అనుభూతి కలిగే 475 మందిని అడిగి చూశారు. వాళ్ళలో నూటికి 82 మంది నిద్ర కోసం కూడా వాడుతున్నామన్నారు. గుసగుసకి ఆ జివ్వుమనడం కలుగుతుందన్నవాళ్ళు నూటికి 75. 2018లో షెఫీల్డ్ పరిశోధకులు గుండె వేగం కొలిచారు. ఈ అనుభూతి కలిగేవాళ్ళకి వీడియో చూస్తున్నంతసేపూ నిమిషానికి సగటున 3 సార్లకు పైగా తగ్గింది, కలగనివాళ్ళకి అంతగా తగ్గలేదు. ఒంట్లో ఏదో నిజంగానే జరుగుతోంది.

బైరాగిపట్టెడ

కలగనివాళ్ళ సంగతి మీరే చెప్పారు కదా. నాకైతే కలగకపోవడం కాదు, పక్కవాళ్ళు నములుతుంటే ఒళ్ళు మండిపోతుంది. దానికీ మిసోఫోనియా అని పేరుంది. జనమంతా ఒకే గదిలో కూర్చుని వినేట్టు పెడితే నేను గుమ్మం దగ్గరే ఆగిపోతాను. పెడితే ఎవరికి వారికి హెడ్‌ఫోన్లు ఇవ్వండి, ఏ చప్పుడు వస్తుందో ముందే రాసి పెట్టండి.

ఏటిగట్టు (శ్రీకాళహస్తి)

కలంకారీ పేరు అందరూ ఎత్తుతున్నారు కాబట్టి ఆ ఇంట్లో పుట్టినవాణ్ణిగా చెప్పక తప్పదు. మా కలానికి చప్పుడు లేదు.

వెదురు పుల్ల కొస చెక్కి, దానికి కాస్త పైన ఉన్నిగానీ గుడ్డగానీ చుట్టి, దారంతో బిగిస్తాం. రంగులో ముంచి, ఆ ఉండని వేళ్ళతో ఒత్తుతూ గీస్తాం. ఎంత ఒత్తితే అంత రంగు దిగుతుంది. మీరు ఎంత ఖరీదైన మైకు పెట్టినా గుడ్డ మీద పుల్ల కదిలే చిన్న గీకుడు తప్ప ఏమీ పట్టదు. దాన్ని పెద్దది చేసి వినిపిస్తే అది మా పని చప్పుడు కాదు, మీ మైకు చప్పుడు.

మా పనిలో ఉన్నది వాసన. కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో గుడ్డ నానేసి ఆరేస్తాం. పాలలో వెన్న ఉంటేనే రంగు పక్కకి పాకదు. నల్లరంగు కోసం ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి వారాల తరబడి ఊరబెడతాం, దాన్ని కసింకారం అంటాం. ఆ కుండ మూత తీస్తే వచ్చే పులుపు వాసన, ఎండలో ఆరిన పాలగుడ్డ వాసన, ఈ రెండూ కలిసిందే కలంకారీ ఇల్లు. కసింకారం కలంలో ఉన్నప్పుడు పల్చగా ఉంటుంది. కరక్కాయ పట్టిన గుడ్డని తాకగానే కళ్ళముందే నల్లబడుతుంది. అది చూసిన పిల్లలెవరూ మర్చిపోరు మాస్టారూ. పాఠమంటే అదే కదా.

చప్పుడు కావాలంటే ఉతికే చోటికి రండి. పటిక వేసిన గుడ్డని పారే నీళ్ళలో జాడిస్తాం. స్వర్ణముఖిలో నీళ్ళుంటే ఒక చప్పుడు, తొట్లో నీళ్ళయితే ఇంకో చప్పుడు. ఏరు పారడం, పారకపోవడం మా రంగులో తెలుస్తుంది. మ్యూజియం వాళ్ళు ఈ రెండు చప్పుళ్ళూ పక్కపక్కన పెడితే నేను ఒప్పుకుంటాను. ఏది దొరికితే అది చెవిలో పోస్తే ఒప్పుకోను. చూపు, వాసన, స్పర్శ, చప్పుడు, ఏ పనికి ఏది ప్రాణమో ఆ పనివాళ్ళనే అడగాలి.

మౌనభాష

నేను బధిర పిల్లలకు పాఠాలు చెప్తాను. ఇంతసేపూ "వినే గది" అనే మాట మీదే చర్చ నడిచింది, మా పిల్లలు ఎవరికీ గుర్తు రాలేదు. తిరుపతిలో వాళ్ళ కోసం బడి ఉంది, గంగమ్మ జాతరకి వాళ్ళూ వెళ్తారు. డప్పు దగ్గర నిలబడి గుండెల మీద చెయ్యి పెట్టుకుంటారు. వాళ్ళకి దరువు అందుతుంది, చెవిలోంచి కాదు.

మాధవమాల పనివాళ్ళు కొయ్య చెక్కుతుంటే ఆ దుంగ అవతలి కొస మీద అరచెయ్యి ఆనించి చూడండి. ఉలి లోతుగా దిగినప్పుడు ఒకలా, నార వెంట జారినప్పుడు ఒకలా అదురుతుంది. అదే అదురుని ఒక చెక్క బల్లలోకి పంపించే యంత్రాలు ఇప్పుడు తేలిగ్గా దొరుకుతున్నాయి. బల్ల మీద చేతులు పెడితే చాలు. చూపులేనివాళ్ళకీ, వినికిడి లేనివాళ్ళకీ, ఇద్దరికీ పనికొస్తుంది. ఇది పెట్టకుండా హెడ్‌ఫోన్లు మాత్రమే తగిలిస్తే ఆ గదికి నేను కూడా మాస్టారి పక్షమే.

చిత్తూరు మాస్టారు

ఏటిగట్టు గారు, పలమనేరు అమ్మాయి రాసింది ఇంట్లో చదివి వినిపించాను. ఇందులో చదువు ఉంది, కాదనను. జల్లు పల్చబడితే ఆకు అయిపోయిందని గుర్తుపట్టడం ఏ పుస్తకంలోనూ లేని శాస్త్రం.

అయినా ఒక్కచోట నేను కదలను. గుండె వేగం తగ్గించడం మ్యూజియం కొలబద్ద కాకూడదు. ఇంపుగా లేని చప్పుళ్ళ మాటేమిటి? మామిడి గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి లోడుతో రాత్రంతా నిలబడే ట్రాక్టర్ల హోరు మన జిల్లా చప్పుడు కాదా? గ్రానైటు కోసే రంపం చప్పుడో? చెవికి హాయిగా ఉన్నవే ఏరితే మన ఊరి బతుకులో సగం ఆ గదిలోకి రాదు. రంపం చప్పుడు కూడా పెడతామంటే అప్పుడు మాట్లాడండి.

కొర్లగుంట

పెట్టాలి మాస్టారూ. వాల్యూమ్ తగ్గించి, బైరాగిపట్టెడ వారు చెప్పినట్టు ముందే రాసి. ఆ రంపం దగ్గర నిలబడ్డ మనిషి చెవికి ఏమవుతుందో కూడా పక్కనే చెప్పాలి. హాయి అన్నది జనాన్ని లోపలికి రప్పించే గుమ్మం వరకే. లోపల ఏముండాలో ఏటిగట్టు అన్న చెప్పినట్టు పనివాళ్ళే తేల్చాలి. "వినే గది" పేరు కూడా మారుద్దాం, మౌనభాష మేడం చెప్పాక ఆ పేరు నాకే సరిగ్గా అనిపించడం లేదు.

పలమనేరు పట్టుగూడు

పేరు మీరు తేల్చుకోండి. రికార్డింగుకి ఎవరొచ్చినా మావి నాలుగు మాటలు ఉండాయి, ఇప్పుడే చెప్తా ఉండా.

చాకీ దశలో రావొద్దు, అప్పుడు పురుగు చీమంత, చప్పుడే ఉండదు. ఆఖరి వారంలోనే రండి. సెంటు పూసుకోని, సిగరెట్టు కాల్చుకోని షెడ్డులోకి రావొద్దు. మందు కొట్టిన చేన్లో నడిచొచ్చి నేరుగా అడుగు పెట్టినారంటే మా పంట పోతాది, గడప దగ్గర బ్లీచింగు నీళ్ళలో కాళ్ళు ముంచే రావాల. ఆకు వేసే టైములో ఆపమని అడగొద్దు, మీ మైకు కోసం పురుగు ఆగదు. గోడ మీద "పట్టురైతులు, చిత్తూరు జిల్లా" అని ఊరకే రాసి వదిలేయొద్దు, ఏ ఊరు, ఏ ఇల్లు అని రాయాల. ఆ రికార్డింగు రేపు ఏ కంపెనీ ప్రకటనకైనా ఇస్తే ముందు మమ్మల్ని అడగాల, డబ్బులో మా భాగం మాకు రావాల. ఇది కాగితం మీద ఉంటే చాకీ పురుగులు ఎప్పుడు తెస్తామో మీకు ముందే చెప్తాం.