కుక్క చనిపోతే ఒక రాత్రి ఫ్లాట్‌లో ఉంచవచ్చా? బెంగళూరువాళ్లు చెప్పండి

మాధవి_మారతహళ్ళి: 30 కిలోల ల్యాబ్రడార్ సాయంత్రం పోతే, పిల్లలు ఊరినుంచి పొద్దున్నే వచ్చేదాకా ఉంచవచ్చా? వెంటనే సుమనహళ్ళిలో కార్పొరేషన్ వాళ్ల కరెంటు దహనవాటికకి తీసుకుపొమ్మని అసోసియేషన్ పట్టు.

వాసు_వెట్: ఉంచవచ్చు మాధవిగారూ. రెండు గంటల్లోపే కాళ్లు లోపలికి ముడిచి, పడుకున్నట్టు పెట్టండి. బిగుసుకున్నాక వంగవు, లిఫ్టులోకి తేవడం కూడా కష్టమే. కండరాలు సడలి మూత్రం, మలం వస్తాయి, నోట్లోంచి నీరు కారుతుంది. కింద ప్లాస్టిక్ షీటు, దానిమీద పాత తువ్వాళ్లు పరచండి. తల కాస్త ఎత్తులో ఉంచండి. ముందు పాడయ్యేది పొట్టే. గుడ్డలో చుట్టిన ఐస్ ప్యాకులు పొట్టకీ తొడల సందుల్లోకీ ఆనించి, కరిగినప్పుడల్లా మార్చండి. ఏసీ 18లో పెట్టండి. మొదట్లోనే మందం దుప్పటి కప్పారంటే ఒంటి వేడి లోపలే ఉండిపోతుంది.

రమణ_హోసూరురోడ్: ఏప్రిల్లో కరెంటు పోతే? నాలుగు గంటల్లో బయటికి తియ్యాల్సిందే.

కిరణ్77: పక్క ఖాళీ సైటులో రెండడుగులు తవ్వి పెట్టేస్తే పోలా?

వాసు_వెట్: రెండడుగులైతే వీధికుక్కలు తెల్లారేలోపు తవ్వేస్తాయి. కనీసం నాలుగడుగులు కావాలి, ఇక్కడ కొన్నిచోట్ల అంతలోపే రాయి తగులుతుంది. పైగా ఇంజెక్షన్‌తో ప్రాణం తీయించి ఉంటే, అది పెంటోబార్బిటాల్ అనే మత్తుమందు అయితే మందు ఒంట్లోనే ఉంటుంది. తిన్న కుక్కా చస్తుంది, గద్దా చస్తుంది. పాతిపెట్టాలంటే కెంగేరి దగ్గర పీపుల్ ఫర్ యానిమల్స్ అనే జంతు సంరక్షణ సంస్థ వాళ్ల శ్మశానం ఉంది.

లక్ష్మి_బీటీఎం: దహనమైతే కాలర్, బిళ్ల తీసెయ్యండి. బూడిద కావాలంటే విడిగా కాలుస్తారా అని ముందే అడగండి. నాలుగైదు కలిపి కాలిస్తే ఏది ఎవరిదో తేలదు.

రమణ_హోసూరురోడ్: ఐస్ సంగతి ఎవరూ తేల్చలేదు. అన్ని ప్యాకులు ఏ ఇంటి ఫ్రిజ్‌లో పడతాయి?

వాసు_వెట్: నీళ్ల సీసాలు గడ్డకట్టించినా చాలు. మీరు మొదటినుంచీ ఐస్ దగ్గరే ఆగిపోయారు.

రమణ_హోసూరురోడ్: అద్దెకుండేవాళ్లకి తెలుస్తుంది ఓనరు అనే మాటలు. శవం ఇంట్లో పెట్టారని ఖాళీ చెయ్యమంటారు. కుక్కకి రాత్రంతా జాగారం చెయ్యాలా?

మాధవి_మారతహళ్ళి: చెయ్యాలి రమణగారూ. పిల్లలకి తనివితీరా ఏడవడానికి ఒక రాత్రి ఇవ్వాలా వద్దా అన్నదే నా ప్రశ్న, వాసన గురించి కాదు.

రమణ_హోసూరురోడ్: ఇవ్వొద్దనే నా మాట. చూడకపోతే తొందరగా తేరుకుంటారు. బిగుసుకున్న ఒళ్లు చూస్తే ఆ రూపమే మిగిలిపోతుంది.

వాసు_వెట్: చూడని పిల్లలు వారాల తరబడి తలుపు వైపే చూస్తారండీ. చూపించేముందు చెప్పండి: కళ్లు మూసినా మళ్లీ తెరుచుకుంటాయి, ఒళ్లు చల్లగా ఉంటుంది అని. చెవి దగ్గర నిమరనివ్వండి, అక్కడ బొచ్చు మునుపటిలాగే మెత్తగా ఉంటుంది. చిన్నవాళ్లతో ‘నిద్రపోయింది’ అనొద్దు, వాళ్లకి నిద్రంటేనే భయం పట్టుకుంటుంది. చచ్చిపోయిందనే చెప్పండి. ఇంట్లో రెండో కుక్క ఉంటే దాన్నీ వాసన చూడనివ్వండి.

రమణ_హోసూరురోడ్: పిల్లల విషయంలో మీ మాట నేనింకా ఒప్పుకోను. ఒక్క రాత్రయితే సరే, పొద్దున్న ఎనిమిదికల్లా బండి కదలాలి.

మాధవి_మారతహళ్ళి: కె.ఆర్.పురంలో బస్సు ఐదున్నరకి దిగుతారు. బండి ఎనిమిదికే చెబుతాం.