పాత కారు ఫ్రేమ్ లోపలి తుప్పు: వ్యాక్సా, వేస్ట్ ఆయిలా, జింకు పూతా?

కడప హెరాల్డ్
అందరికీ నమస్కారం. నా దగ్గర 60ల చివర్లో మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ ఉంది. అంబాసిడర్, పద్మినీల మాదిరి బాడీయే ఫ్రేమ్‌గా ఉండే బండి కాదిది. కింద చాసిస్ విడిగా ఉంటుంది, బోల్టులు విప్పితే బాడీ పైకి లేస్తుంది. ఇప్పుడు బాడీ లేపి పక్కన పెట్టాం. బయట నుంచి చూస్తే చాసిస్ బాగానే ఉంది. ఫోన్‌కు తగిలించే కెమెరా వైరును బాక్సు రైలు (చాసిస్ పొడవునా ఉండే, నాలుగు వైపులా మూసిన ఇనుప దూలం) లోపలికి పంపితే మాత్రం అడుగంతా ఎర్రటి పొడి, అవుట్‌రిగ్గర్లు (రైలు నుంచి పక్కలకు చాచి బాడీని మోసే చేతులు) అతికిన చోట పెచ్చులు పెచ్చులుగా తుప్పు. బండి చాలా ఏళ్లు చెన్నైలో సముద్రానికి దగ్గర్లో తిరిగింది. బాగా కుళ్లిన అవుట్‌రిగ్గర్లు కోసేసి కొత్తవి కట్టిస్తున్నాను. బాక్సు లోపల ఏం చేయాలన్నదే ప్రశ్న. అక్కడికి చెయ్యి పోదు, బ్రష్ పోదు. టింకర్ వేస్ట్ ఆయిల్ పోయమంటాడు, స్నేహితుడు జింకులో ముంచమంటాడు. బయటి దేశాల వాళ్లు క్యావిటీ వ్యాక్స్ అంటారు, అంటే మూసిన బాక్సుల లోపల చిమ్మే మైనం లాంటి పూత. మన ఎండలకు ఏది నిలుస్తుంది?

అనంత జీపు
అన్నా, మన సీమలో తుప్పు గురించి ఇంత టెన్షన్ అక్కర్లేదు. అనంతపురంలో ఏడాది మొత్తానికి పడే వానే సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ. మా నాన్న కాలం నాటి సీజే-3బీ జీపు ఫ్రేమ్‌కు ఎవరూ ఏమీ పూయలేదు, ఈరోజుకీ గట్టిగా ఉంది. మీ బండికి తుప్పు పట్టింది చెన్నైలో, కడపలో కాదు. కంప్రెసర్‌తో ఊదించి, నాలుగు రోజులు ఎండబెట్టి, లోపల రెడాక్సైడ్ పోసి తిప్పేయండి. ఖరీదైన డబ్బాలకు డబ్బు పెట్టొద్దు.

తుంగభద్ర ఒడ్డు
కర్నూలు నుంచి. అనంత జీపు అన్నతో నేను ఏకీభవించను.

మొదటిది, ఆ ఉప్పు చెన్నైలో ఆగిపోలేదు, పెచ్చుల కింద కూర్చుని బండితోపాటే కడపకు వచ్చింది. శుభ్రమైన ఇనుముకు గాలిలో తేమ దాదాపు 60 శాతం దాటాకే తుప్పు జోరందుకుంటుంది. ఉప్పు ఉంటే అంతకన్నా తక్కువ తేమ చాలు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా కడప రాత్రుల్లో తేమకు కొదవ లేదు. ఇనుము రాత్రికి చల్లబడితే బాక్సు లోపలి గోడకు మంచు పడుతుంది. బయట పడ్డది తొమ్మిదింటికల్లా ఆరిపోతుంది. లోపలికి ఎండా పోదు, గాలీ ఆడదు.

రెండోది, జీపుతో పోలిక కుదరదు. జీపు ఫ్రేమ్‌లో చాలా భాగం ఒక పక్క తెరిచి ఉండే చానల్. హెరాల్డ్ రైలు నాలుగు వైపులా మూసిన బాక్సు.

2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగినప్పుడు నీళ్లలో నిలిచిన బండ్లను తర్వాతి ఏళ్లలో విప్పడం చూశాను. ఒక జీపు ముందు వైపు బాక్సు కట్టిన భాగం కోస్తే పైన బీటలు వారిన ఒండ్రు, దాని కింద నల్లటి తడి మట్టి. వాటర్ సర్వీసింగ్ చేయించిన ప్రతిసారీ ఆ మట్టి నీళ్లు తాగింది. స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే రేకు బిస్కెట్‌లా విరిగింది. బయట నల్ల పెయింట్ చెక్కు చెదరలేదు. అందుకే ఏం పూయాలన్న ప్రశ్న తర్వాత. ముందు లోపలున్నది బయటికి రావాలి.

రెడాక్సైడ్ గురించి కూడా చెప్పాలి. అది ప్రైమర్ మాత్రమే, దాని మీద ఇంకో పూత లేకపోతే తేమను ఆపదు. పెచ్చుల మీద పోస్తే పెచ్చుతో పాటే రాలుతుంది.

లారీ షెడ్, ప్రొద్దుటూరు
సార్, మా షెడ్డులో ఎన్నో ఏళ్లుగా లారీ చాసిస్‌లకు డీజిల్ కలిపిన వేస్ట్ ఆయిలే కొడుతున్నాం. తుప్పుతో పోయిన చాసిస్‌ల కన్నా లోడుకు పగిలినవే ఎక్కువ చూశాను. పెయింట్ పోనంత సన్నటి సందులోకి ఆయిల్ పాకుతుంది. ఖర్చు లేదు. వానలకు ముందొకసారి, తర్వాతొకసారి కొడితే చాలు.

తుంగభద్ర ఒడ్డు
పాకే గుణం గురించి మీరు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజమన్నా. రెండు రేకులు ఒకదాని మీద ఒకటి పడే సందుల్లోనే తుప్పు పుడుతుంది, అక్కడికి చేరనిది ఎంత ఖరీదైనా దండగే. నా అభ్యంతరం వేస్ట్ ఆయిల్ మీద. ఇంజన్‌లో కాలి దిగిన ఆయిల్‌లో మసి, నీటి చెమ్మ, ఆమ్లాలు ఉంటాయి. ఇనుముకు రక్షణ అని అవే పోస్తే ఎలా? లారీది తెరిచిన చానల్, మీరు ఏడాదికి రెండుసార్లు కొడతారు కాబట్టి నడుస్తుంది. మూసిన బాక్సులో అదే ఆయిల్ కిందికి జారి, దుమ్ముతో ముద్దై డ్రెయిన్ రంధ్రాలు మూస్తుంది. హెరాల్డ్‌లో బాడీకీ చాసిస్‌కీ మధ్య రబ్బర్లు ఉంటాయి, అవి ఆయిల్‌కు ఉబ్బి మెత్తబడతాయి. పైగా ఆ ఆయిల్ తుంపర పీల్చడం, చర్మానికి పట్టడం మీ కుర్రాళ్లకు మంచిది కాదు. దయచేసి మాస్కూ గ్లౌజులూ లేకుండా కొట్టించొద్దు.

గుత్తి రోడ్డు
బాడీ ఎలాగూ లేపారు, ఇలాంటి అవకాశం మళ్లీ రాదు. జింకులో ముంచేయండి. లోపలా బయటా పూత పడుతుంది. గీత పడినా చుట్టూ ఉన్న జింకు తాను తరుగుతూ ఇనుమును కాపాడుతుంది. ఆ పని వ్యాక్స్ చేయలేదు. బ్రిటన్‌లో పాత లాండ్‌రోవర్లకు గాల్వనైజ్ చేసిన చాసిస్‌లు వేసుకుంటున్నారు కదా.

కడప ఫ్యాబ్రికేషన్
అన్నా, ఆ లాండ్‌రోవర్ చాసిస్‌లు ముంచడం కోసమే కొత్తగా చేసినవి, జింకు పోయి రావడానికి రంధ్రాలు ముందే ఉంటాయి. హెరాల్డ్‌ది పాత చాసిస్. ముందు యాసిడ్ తొట్టిలో వేస్తారు. అతుకుల మధ్య దూరిన యాసిడ్ పూర్తిగా బయటికి రాదు. తర్వాత దాదాపు 450 డిగ్రీల జింకులో ముంచుతారు. గాలి పోయే దారి లేని గది ఒక్కటున్నా లోపలి తేమ ఆవిరై పేలుతుంది, తొట్టి దగ్గరున్న వాళ్ల ప్రాణాల మీదికి వస్తుంది. అన్నీ కుదిరినా పొడవాటి పలుచని రైళ్లు వంకర పోవచ్చు. వంకర పోయిన చాసిస్ మీద బాడీ బిగిస్తే తలుపులు సరిగ్గా పడవు.

గుత్తి రోడ్డు
రంధ్రాలు వేయొచ్చు, ముందూ వెనకా కొలతలు తీసుకోవచ్చు, వంగితే సరిచేయొచ్చు. కష్టమైన పనే, ఒప్పుకుంటాను. కానీ ఒకసారి చేస్తే మీ పిల్లల కాలానికి కూడా దిగులుండదు. నా మాట మీద నేనున్నాను.

అనంత జీపు
సరే, శుభ్రం చేయాలన్నది ఒప్పుకుంటున్నా. మరి వ్యాక్స్ మే నెలలో 44 డిగ్రీలకు కరిగి షెడ్డు నేలంతా కారదా?

తుంగభద్ర ఒడ్డు
న్యాయమైన ప్రశ్న. అన్ని వ్యాక్స్‌లూ ఒకటి కావు. కొనేముందు ఎన్ని డిగ్రీల దాకా జారకుండా ఉంటుందో డేటా షీట్‌లో చూడాలి. ఎండలో నిలిపిన బండి ఇనుము గాలికన్నా చాలా వేడెక్కుతుంది, సైలెన్సర్ పైపు దగ్గర ఇంకా ఎక్కువ. మొదటి వేసవిలో నాలుగు చుక్కలు కారితే భయపడొద్దు, అది సందుల్లోకి పాకుతోందని అర్థం. ధారగా కారితే అది మన ఊళ్లకు పనికొచ్చే సరుకు కాదు.

నేను వ్యాక్స్ వైపు ఎందుకంటే, అది గట్టిపడి పగలదు, రెండు మూడేళ్లకోసారి పాతదాని మీదే మళ్లీ కొట్టొచ్చు. పెయింట్ పగిలితే దాని వెనక తేమ దాక్కుంటుంది, కెమెరాకు కూడా కనబడదు.

పని ఇలా చేయండి. వెల్డింగ్ మొత్తం ముందే ముగించాలి, వ్యాక్స్ కొట్టాక వెల్డింగ్ టార్చ్ పెడితే లోపల మంట అంటుకుంటుంది. పాత సైకిల్ చైను తాడుకు కట్టి రైలు ఈ చివర నుంచి ఆ చివరకు లాగుతూ ఉంటే పెచ్చులు రాలతాయి. రాలినదంతా వ్యాక్యూమ్‌తో లాగేయాలి. ఉప్పు ఊదితే పోదు, కడగాల్సిందే. అదీ ఉప్పు బోరు నీళ్లతో వద్దు, మున్సిపాలిటీ మంచినీళ్లో వాన నీళ్లో వాడండి. తర్వాత ఎండలోనే ఆరాలి. ఊదేముందు కంప్రెసర్ ట్యాంకు అడుగున చేరిన నీళ్లు వదిలేయండి, లేకపోతే ఆరబెట్టిన బాక్సులోకి మనమే నీళ్లు కొట్టినట్టవుతుంది. టానిక్ యాసిడ్ రకం రస్ట్ కన్వర్టర్ (తుప్పును గట్టి పొరగా మార్చే మందు) పలుచని తుప్పుకు పనిచేస్తుంది, పెచ్చులకు కాదు. కడిగేయాల్సిన ఫాస్ఫారిక్ రకాన్ని మూసిన బాక్సులో వాడొద్దు, సందుల్లో మిగిలితే అదే తినేస్తుంది.

వ్యాక్స్‌కు చుట్టూ చిమ్మే నాజిల్ ఉన్న పొడవాటి గొట్టం కావాలి. చివరిదాకా దూర్చి, చిమ్ముతూ నెమ్మదిగా వెనక్కి లాగాలి. ఎండకు చాసిస్ వేడిగా ఉండగా కొడితే బాగా పాకుతుంది. ఆరాక డ్రెయిన్ రంధ్రాలన్నిటిలో కమ్మీ పెట్టి తెరిచి, కెమెరాతో మళ్లీ చూడండి.

కడప హెరాల్డ్
అందరికీ ధన్యవాదాలు. వ్యాక్స్‌కే వెళ్తున్నాను, వానలకు ముందే చేయిస్తాను. గుత్తి రోడ్డు అన్నా, మీ మాట కొట్టిపారేయడం లేదు, ఉన్న ఒక్క చాసిస్‌ను యాసిడ్ తొట్టికి పంపడానికి ధైర్యం చాలడం లేదు. ఇంకొకటి. వెనక వైపు రైలులో గొట్టం దూరే దారి లేదు. కొత్తగా రంధ్రం వేస్తే బలం తగ్గదా?

లారీ షెడ్, ప్రొద్దుటూరు
రైలు పై రేకుకూ కింది రేకుకూ బెజ్జం వేయొద్దు సార్, లోడు లాగేది అక్కడే. పక్క రేకులో సరిగ్గా సగం ఎత్తులో వేయండి. స్ప్రింగు బిగించే చోటికీ వెల్డింగు అతుకులకీ దూరంగా ఉండాలి. అంచులు ఆకురాయితో నున్నగా రుద్ది, పని అయ్యాక రబ్బరు గ్రోమెట్ పెట్టండి. గొట్టం మందం చూసుకుని అంతే బెజ్జం వేయించండి, పెద్దది వద్దు.